కోతపండుగ బుట్టలో పదకొండు కాయలు

సహోదరులారా, సహోదరీలారా, ఈ సంగతి చెప్పడానికి నాకు కాస్త సిగ్గుగానే ఉంది, ఎందుకంటే ఇందులో దేవుడు గెలిచాడు, మా అత్తయ్య గెలిచింది, ఓడిపోయింది నేనొక్కదాన్నే! అయినా ఆయన చేసిన మేలు దాచుకోలేను.

తొంభైల మొదట్లో మాట. మాది తెనాలి పక్కన అంగలకుదురు. మా ఆయన బాపట్లలో ఎవరో ప్లాస్టిక్ పట్టా కప్పిన పందిరి కింద బెంగుళూరు మిర్చి, అదే క్యాప్సికం, పండించడం చూసొచ్చి, మన పెరట్లోనూ వేద్దామన్నారు. వేశాం. మొక్కలు ఏపుగా పెరిగాయి, పిందెలు పడ్డాయి, ఇక నా నోరు ఆగుతుందా! ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, కోతపండుగకు మొదటి బుట్ట దేవుని బల్ల ముందు పెడతానని అందరి ఎదుట మొక్కుబడి చేసుకున్నాను.

పండుగ మూడు వారాలుందనగా ముసురు పట్టింది. చలిగాలి తగలకూడదని పట్టాలు నాలుగు వైపులా దించి తాళ్ళతో బిగించాను. కొద్దిరోజులకే ఆకుల మీద బూడిదరంగు బూజు, తొడిమల దగ్గర మెత్తటి కుళ్ళు! పాస్టరు గారి చేత బిందెడు నీళ్ళ మీద ప్రార్థన చేయించి తెచ్చుకుని, రోజూ సాయంత్రం వాటిని కాసిని మామూలు నీళ్ళలో కలిపి ఆకులన్నీ తడిసేలా చల్లి, మళ్ళీ పట్టా మూసి, మోకాళ్ళూని ఏడ్చేదాన్ని. తెల్లారేసరికి ఇంకో నాలుగు మొక్కలకు బూజు.

మా అత్తయ్య రేపల్లె వైపు మిరపచేలల్లో చిన్నప్పటినుంచీ కూలికి వెళ్ళిన మనిషి. ఒకరోజు పందిట్లోకి తొంగి చూసి, "అమ్మాయ్, సందేళ ఆకులు తడిపి అట్టా మూసేస్తే కుళ్ళక ఏం చేస్తాయే? పట్టా పైకెత్తు, గాలాడనీ" అంది.

"అవి ప్రార్థన నీళ్ళండీ! మీకు విశ్వాసం లేదత్తయ్యా" అని ఎగిరిపడ్డాను.

ఆవిడ అటు తర్వాత పందిరి వైపే రాలేదు. పండుగ వారంలోకి వచ్చేసింది, సగం మొక్కలు పోయాయి. "ప్రభువా, నీకిచ్చిన మాట నా కళ్ళముందే కుళ్ళిపోతోంది, ఎందుకయ్యా జవాబివ్వవు?" అని గట్టిగా అడిగాను. అడుగుతుండగానే, సహోదరులారా, అత్తయ్య మాటే చెవిలో పడింది, గాలాడనీ అని! అయ్యో, జవాబు ఎప్పుడో వచ్చిందే, నేనే కసిరి పంపేశానే!

పరుగున వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకున్నాను. "తప్పయిపోయిందండి అత్తయ్యా, ఒక్కసారి రండి."

"ఏడుపాపి ఆ గంప తే" అంది, అంతే.

బూజు పట్టిన మొక్కలు పీకి, కుళ్ళిన కాయలు ఏరి దూరంగా గోతిలో పూడ్చాం. పగలంతా పట్టాలు పైకెత్తి ఉంచాం. బిందె అడుగున మిగిలిన నీళ్ళు చూపించి ఏం చేయమంటారని అడిగితే, "ప్రార్థన నీళ్ళు పారబొయ్యకూడదు. పొద్దున్నే మొక్కల మొదట్లో పొయ్యి" అంది. విశ్వాసం లేదన్నాను చూడండి, ఆ మనిషిని! మిగిలిన మొక్కలకు మరి బూజు రాలేదు.

పండుగనాటికి తేలినవి పదకొండు కాయలు. బుట్ట అడుగున గడ్డి పరిచి వాటిని పేర్చి, అత్తయ్య చేతికిచ్చాను. సంఘమంతా చూస్తుండగా ఆవిడే బల్ల ముందు పెట్టింది, వెనక నిలబడి నేను కళ్ళు తుడుచుకున్నాను.

ప్రియులారా, ప్రార్థించండి, ఆయన తప్పక వింటాడు, ఆయన్ని నమ్మి చెడినవారు లేరు. కాకపోతే మోకాళ్ళ మీదనుంచి లేచాక, ఇంట్లో మీరు కసిరినవాళ్ళ దగ్గరకు ఒకసారి వెళ్ళి, ఏమన్నారో మళ్ళీ అడగండి. దేవునికే మహిమ! మా అత్తయ్యకు నా వందనాలు.