వానొస్తే లేవని కారు

మా పాత కారు పొద్దున్నే మొండికేయడం మొదలుపెట్టగానే మా ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. దాని పని అయిపోయింది, అమ్మేద్దాం అన్నారు. బేగంపేటలో పాత కార్లు కొనే మనిషితో ఫోన్లో మాట్లాడేశారు కూడా. ఆదివారం వచ్చి తీసుకెళ్తానన్నాడట. నన్నెవరూ అడగలేదు. కాగితాలు ఆయన పేరు మీద ఉన్నాయి మరి.

నడిపేది మాత్రం నేను. నలభై దాటాక ఆ కారు మీదే డ్రైవింగ్ నేర్చుకున్నాను. మెట్రో కోసం అమీర్‌పేట రోడ్డంతా తవ్విపోసిన రోజులవి. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే వెనకవాళ్ళ హారన్లు, తిట్లు భరిస్తూ నేర్చుకున్నాను. ఆయన తన కొత్త కారు తాళాలు నాకివ్వరు. అది వేరే రకం బండి, నీకు అలవాటు లేదంటారు. ఈ పాతది కాస్తా పోతే నేను కాలేజీకి వెళ్ళాలన్నా, అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలన్నా మళ్ళీ "కాస్త దింపుతారా" అని ఆయన మొహం చూడాలి. అలా అడగడం నాకు చచ్చేంత అయిష్టం. అందుకే పట్టుబట్టాను. ఆదివారం లోపల దాని జబ్బేమిటో నేనే కనిపెడతానన్నాను. ఆయన నవ్వి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

జబ్బు కూడా చిత్రమైనదే. కొన్ని రోజులు తాళం తిప్పగానే బుద్ధిగా స్టార్ట్ అవుతుంది. కొన్ని రోజులు టక్‌మని ఒక చప్పుడు చేసి ఊరుకుంటుంది. రాత్రికి రాత్రి బ్యాటరీ ఖాళీ. కొత్త బ్యాటరీ వేయించినా అదే వరస. పంజాగుట్ట సందులో రేకుల షెడ్డు వేసుకున్న ఎలక్ట్రీషియన్ దగ్గర వదిలిపెడితే, అతను అన్నీ విప్పి చూసి, చివరికి తల గోక్కున్నాడు.

"అమ్మా, నా తాన ఉన్నన్ని దినాలు మంచిగనే స్టార్ట్ అయింది. మీ ఇంటికి పోంగనే గిట్ల ఎందుకైతుందో నాకు సమజ్ అయితలేదు" అన్నాడు.

మంచివాడు. తన టెస్టింగ్ బల్బు నా చేతికిచ్చి ఎలా వాడాలో చూపించాడు. బ్యాటరీ మైనస్ తీగ ఊడదీసి, ఆ తీగకీ బ్యాటరీకీ మధ్య ఈ బల్బు తగిలించాలి. అన్నీ ఆపేసి ఉన్నా బల్బు వెలిగిందంటే, ఎక్కడో కరెంటు దొంగతనంగా పోతోందన్నమాట. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఇన్నేళ్ళుగా బోర్డు మీద నేను గీసిన సర్క్యూట్లకు లెక్కలేదు గానీ, నిజం తీగ ఒక్కటైనా పట్టుకుని చూసిన పాపాన పోలేదు. మర్నాడు మధురానగర్‌లో మా అపార్ట్‌మెంటు ప్రహరీ పక్కన, బానెట్ ఎత్తి, బల్బు తగిలించాను. వెలగలేదు. కారు కూడా ఠంచనుగా స్టార్ట్ అయింది. నా ఉత్సాహం నీరుగారిపోయింది.

ఇంట్లోకి వచ్చేసరికి అత్తగారు బాల్కనీలో మడి చీర తీస్తూ, ఇవాళైనా ఆరింది, మొన్న వానకి ఎంత చిరాకు పెట్టిందో అని గొణుక్కుంటున్నారు. ఆవిడ మడి చీర ఎవరూ ముట్టుకోకూడదు. ఆరని రోజు వంట ఆలస్యం, ఆవిడ కోపం, నా కంగారు. కారు లేవని పొద్దులన్నీ వరసగా గుర్తు చేసుకున్నాను. ప్రతిసారీ ఇంట్లో మడి చీర గొడవ జరిగింది. చీర ఆరని రోజే కారు లేవట్లేదు. కింద పార్కింగ్‌లో మా ఆయన కొత్త కారు ఉంటుంది, పాతది ఆరుబయట వానలో తడుస్తుంది. ఎలక్ట్రీషియన్ షెడ్డులో తడిసే అవకాశమే లేదు.

ఎర్రటి ఎండలో బకెట్టు నీళ్ళు తెచ్చి కారు ముందు అద్దం మీద గుమ్మరించాను. మళ్ళీ ఇంకో బకెట్టు. వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూశాడు. బాల్కనీలోంచి మా ఆయన, ఏంటి, అమ్మేముందు అభిషేకమా అని అడిగారు. నేను టెస్టింగ్ బల్బు మళ్ళీ తగిలించాను. నీళ్ళు అద్దం చుట్టూ ఉన్న పాత రబ్బరులోంచి లోపలికి దిగి, కాళ్ళ కింద పరిచిన పట్టాని తడిపాయి. కాసేపటికి బల్బు మసగ్గా, గుడ్డిదీపంలా వెలిగింది.

ఆ వెలుగు చూసి ఖాళీ బకెట్టు పక్కన పెట్టేసి పనిలోకి దిగాను.

తలుపు తీస్తే వెలిగే లోపలి లైటు నన్ను మోసం చేయకుండా ముందే దాని బల్బు పీకేశాను. తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోయాను. ఏ ఫ్యూజు తీసినప్పుడు బల్బు ఆరితే, దొంగ ఆ దారిలో ఉన్నట్టు. అన్నీ తీసేశాను. బల్బు ఆరలేదు. ఒక్క క్షణం చేతులెత్తేద్దామనిపించింది. అప్పుడు తట్టింది. ఫ్యూజుల పెట్టెలోంచి పోనిది ఏదో నేరుగా బ్యాటరీ మీదే బతుకుతోంది. వంగి చూస్తే ప్లస్ దగ్గర, లావు తీగల చాటున, సన్నటి ఎర్ర తీగ ఒకటి కనపడింది. అది కారుతో వచ్చింది కాదు. దాని వెంటే పోయాను. లోపలికి దిగి, తడి పట్టా కింద దూరింది. అక్కడ ఎవరో రెండు ముక్కలు మెలితిప్పి టేపు చుట్టారు. టేపు ఊడిపోయి, రాగి పచ్చగా చిలుమెక్కి, ఇనుప రేకు మీద నిలిచిన తడిలో మునిగి ఉంది. పైకెత్తాను, బల్బు ఆరింది. కింద పెట్టాను, వెలిగింది. సరదా తీరేదాకా ఎత్తుతూ దించుతూ కూర్చున్నాను. చొక్కా వేసుకుని ఉంటే కాలరు ఎగరేసేదాన్నే.

ఇక ఆ తీగ ఎక్కడికి పోతోందా అని చూశాను. డాష్‌బోర్డు మీద ఉన్న బుల్లి వెంకటేశ్వరస్వామి పాదాల దగ్గరికి పోయింది. అక్కడ చిన్న దీపం బల్బు, ఎప్పుడో మాడిపోయింది. ఆ సంగతే అందరం మరిచిపోయాం.

పెట్టించింది అత్తగారు. కారు పూజ రోజున, నిమ్మకాయలు తొక్కించి రాగానే, స్వామి దీపం ఆరకూడదని దగ్గరుండి బిగించుకున్నారు. ఇప్పుడావిడకి ఎలా చెప్పాలో తోచలేదు. ఆవిణ్ణే కిందికి పిలిచి తీగ చూపించాను. ఆవిడ వంగి, తీగ వెంట స్వామి పాదాల దాకా చూశారు.

"నేనే బ్యాటరీ నుంచి నేరుగా ఇమ్మన్నాను. రాత్రంతా బయటుండే బండి, స్వామి చీకట్లో ఎందుకుండాలని" అన్నారు.

తాళం తిప్పినప్పుడే వెలిగే దీపం పెట్టిస్తాను, మీకు సరేనా అని భయంభయంగా అడిగాను.

"గుళ్ళో మాత్రం పవళింపు సేవ చేసి తలుపులు వేయట్లేదా? నువ్వు తాళంచెవి బయటికి తీస్తే స్వామి పడుకుంటాడు, తిప్పితే లేస్తాడు. ఆ తీగ తీసెయ్" అన్నారు.

తీసేశాను. తర్వాత రెండు రాత్రులు కుండపోత వాన. రెండు పొద్దుల్లోనూ కారు మొదటి తిప్పుకే లేచింది. మా ఆయన దాన్ని విని కూడా విననట్టు కాఫీ తాగారు. అమ్మకం సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆదివారం బేగంపేట మనిషి రానే వచ్చాడు. మా ఆయన బీరువాలోంచి కాగితాలు తీసి హాల్లోకి తెచ్చారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అడ్డం పడాలని ఉంది, కానీ కాగితాలు ఆయన పేరు మీద ఉన్నాయి. ఇంతలో అత్తగారు తన గదిలోంచి మెల్లగా నడిచి వచ్చి, ఆ మనిషి ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. కొడుకు వైపు చూడనే లేదు.

"ఆ కారు మా అబ్బాయిది కాదు బాబూ, మా కోడలిది. పెద్ద పెద్ద మెకానిక్కులకి దొరకని జబ్బు మా కోడలు పట్టుకుంది. తనని అడుగు, అమ్ముతుందేమో" అన్నారు.

ముగ్గురూ నా వైపు తిరిగారు. నా శిష్యులు ర్యాంకులు తెచ్చుకుని స్వీట్లు పట్టుకొచ్చిన రోజున కూడా నాకంత గర్వంగా అనిపించలేదు. అమ్మనండీ అన్నాను. మా ఆయన చేతిలో కాగితాలు కాసేపు అటూ ఇటూ తిప్పారు. తర్వాత లేచి వచ్చి, వాటిని నా చేతిలో పెట్టారు.