కాళ్లు చూసే డ్రిల్లు సారు

కొత్తకోట బడిలో సోమవారం పొద్దున ప్రార్థన అయిపోయినా పిల్లలు తరగతులకు కదిలేవారు కాదు. వరసగా నిలబడి ఒక కాలి తర్వాత ఒక కాలు ఎత్తి చూపించాలి. డ్రిల్లు మాస్టరు గుర్వయ్య ఒక్కొక్కరి ముందు గొంతుక్కూర్చుని పాదం, చీలమండ, పిక్క తడిమి చూసిగానీ వదిలేవాడు కాదు. "గీయన డ్రిల్లు సారా, గొర్ల బేరగాడా" అని ఊళ్లోవాళ్లు నవ్వుకునేవారు. గొర్రెను కొనేవాడే కదా అట్లా కాళ్లెత్తి చూసేది. ఆ మాట గుర్వయ్య చెవిన పడకపోలేదు. పుట్టిందే గొల్లలింట్లో, గొర్రెల పేరెత్తితే రోషమెందుకు? తాను కూడా నవ్వి, తర్వాతి పిల్లవాడి కాలు అందుకునేవాడు. కానీ ఆ కాళ్లు చూడటం ఆయనకు ఊరికే రాలేదు. అది చెప్పుకోవాలి.

గుర్వయ్యది కొత్తకోటకు రెండు కోసుల దూరంలో ఉన్న పల్లె. తండ్రి మైసయ్యకు నూరు గొర్రెలు, తల్లి సుక్కమ్మకు ఇల్లూ చేనూ. గొర్రెల వెంట పరుగెత్తీ పరుగెత్తీ ఆ పిల్లవాడికి పిక్కలు ఇనుపగుండ్లయ్యాయి. పదో తరగతి దాటగానే కొత్తకోట హెడ్మాస్టరు పిలిచి, "పట్నంల డ్రిల్లు మాస్టర్ల కాలేజీ ఉన్నది. రెండేండ్లు చదివి పట్టా పట్కరా. అరవై ఒకటి జూన్ల మా బడికి మాస్టరు గావాలె. అప్పటిదాంక జాగా పట్టి ఉంచుత. గంతకు మించి నాతోని గాదు" అన్నాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు, మాట పొడిగించే మనిషీ కాదు. గుర్వయ్య ఆ జూన్ నెలను కొంగున ముడేసుకుని పట్నం బస్సెక్కాడు.

డ్రిల్లు చదువంటే ఈల ఊదడం, కుడి ఎడమ తిప్పడం అనుకున్నాడు అమాయకుడు. వెళ్లి చూస్తే పొద్దున మైదానం, మధ్యాహ్నం పుస్తకాలు. మనిషి ఒంట్లో ఎముకలెన్ని, కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుంది, బెణికితే ఏ పట్టీ కట్టాలి, విరిగితే ఎట్లా మోయాలి, పిల్లలకు శుభ్రం ఎట్లా నేర్పాలి, అన్నిటికీ పరీక్షలే. ఎముకల పాఠం మాత్రం గుర్వయ్యకు పండగ. ఎన్ని గొర్రెల విరిగిన కాళ్లకు వెదురుబద్దలు కట్టలేదు వాడు? గదిలో తోడున్న వెంకటనర్సు చౌటుప్పల్ వైపు సాలెలింటి కుర్రాడు. గుంట మగ్గం మీద కూర్చుని పెరిగినవాడికి నడుం వంగదు, పాఠం తలకెక్కదు. "నీకేందిరా, మీ గొర్రెలన్నీ నీకు ముందుగాల్నే పాఠం చెప్పినయి" అని కుళ్లుకునేవాడు.

ఆరోగ్య విద్య చెప్పేది ఏసోబు సారు. నల్లగొండ మనిషి, గొంతు గరుకు, మనసు మెత్తన. ఒకరోజు ఆయన నల్లబల్ల మీద ఒక బావి బొమ్మ గీశాడు. మెట్లు దిగి నీళ్లు ముంచుకునే దిగుడు బావి. ఆ రోజు పాఠం నారికురుపు.

ఇప్పటి పిల్లలకు నారికురుపంటే తెలియదు, తెలియకపోవడమే మంచిది. ఎండాకాలం కాలి మీద బొబ్బ లేస్తుంది, నిప్పు పెట్టినట్టు మండుతుంది, పగులుతుంది. అందులోంచి తెల్లని దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. మూరెడు, మూరన్నర ఉంటుంది. లాగితే తెగుతుంది, తెగితే కాలు కుండలా వాచి మనిషి నెలల తరబడి మంచాన పడతాడు. అందుకే సన్నపుల్లకు చుట్టి, రోజుకు రెండు వేళ్లంత మాత్రమే తిప్పుతూ ఓపికగా తీయాలి. పాలమూరు పల్లెల్లో అది దేవత కోపమనేవారు, ఒంటి వేడి అనేవారు. గుర్వయ్య తండ్రికి ఏటా వచ్చేది. మంట ఆగక ఆయన బావి మెట్ల మీద కూర్చుని కాలు నీళ్లలో పెట్టుకునేవాడు. హాయిగా ఉండేది పాపం.

ఏసోబు సారు సుద్దముక్కతో అదే చూపించాడు. పుండు కాలు నీళ్లలో పెట్టగానే పురుగు నీళ్లలోకి పిల్లల్ని విడుస్తుంది. కంటికానని నీటిపురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్లు తాగినవాడికి ఏడాది తిరిగేసరికి అదే కురుపు. "మందు లేదు, సూది లేదు. దట్టమైన గుడ్డతో నీళ్లు వడగట్టుకుంటే చాలు. పుండు కాలు బావిల పెట్టకుంటే చాలు" అన్నాడు సారు. గుర్వయ్య బొమ్మలోని మెట్లను చూస్తూ ఉండిపోయాడు. తన ఊళ్లో ఇంటింటా ఉన్న ఆ బాధ తండ్రి కూర్చున్న మెట్టు మీది నుంచి వస్తోందన్నమాట. మొదటి ఏడాది పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. ఇరవైకి పదిహేడు మార్కులు తెచ్చుకున్నాడు.

మార్కులు తెచ్చుకున్నాడు సరే. మరి ఆ మే నెలలో ఇంటికొచ్చి ఏం చేశాడు?

ఎండలో పడి వచ్చిన కొడుక్కి సుక్కమ్మ చెంబుతో నీళ్లందించింది. గుర్వయ్య భుజం మీది తువ్వాలు మీదికి చెయ్యి పోనిచ్చాడు. అరుగు మీద మేనమామ గోపయ్య కూర్చుని ఉన్నాడు. ఆయన నోటికి తాళం ఎవరూ వేయలేదు. "ఏమల్లుడా, పట్నం నీళ్లు తాగినోనివి, మా బాయి నీళ్లు పడ్తయా?" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. తల్లి ముఖం చిన్నబోయింది. తల్లి చేతి నీళ్లను అందరి ముందూ గుడ్డలో పోసి వడగడితే ఆమె ఏమనుకుంటుంది? గుర్వయ్య చెయ్యి దించేసి చెంబెడు నీళ్లూ గటగటా తాగాడు. సాయంత్రం బావి దగ్గర మెట్ల మీద తండ్రి కాలు నీళ్లలో పెట్టుకుని చుట్ట కాలుస్తున్నాడు. చెబుదామని నోరు తెరిచి మూశాడు. నీళ్లతో పాటు మాటనూ మింగేశాడు వాడు. చదువుకున్న వెధవకు సిగ్గు ఎక్కడ పడాలో తెలియకపోతే ఇట్లాగే ఉంటుంది.

నారికురుపు బాకీ ఉంచుకోదు. మళ్లీ ఏప్రిల్ వచ్చింది, ఆఖరు పరీక్షలకు పన్నెండు రోజులుంది. ఆ పొద్దు బూటు తొడుక్కోబోతే గుర్వయ్య ఎడమ చీలమండ మీద బొబ్బ కనిపించింది. చూడగానే తెలిసిపోయింది, దవాఖానకు పోయి అడగనక్కరలేదు. రెండో రోజుకి బొబ్బ పగిలింది, తెల్లని తల బయటికొచ్చింది.

వెంకటనర్సు పరుగున వచ్చి చూశాడు. గుర్వయ్య అగ్గిపుల్ల అడిగి తీసుకుని, పురుగు తలను దానికి చుట్టాడు. మంటకు కాలు బకెట్ నీళ్లలో పెట్టుకున్నాడు. ఆ నీళ్లు హాస్టలు బావి దరిదాపుల్లో పోయకుండా కుంటుకుంటూ ముళ్లకంప దాకా మోసుకెళ్లి ఎండిన నేల మీద పారబోశాడు. పన్నెండు రోజులూ అట్లాగే మోశాడు. వెంకటనర్సు తాను మోస్తానంటే ఇయ్యలేదు.

ఏసోబు సారు గదికి వచ్చి చూశాడు. "మైలు పరుగు పన్నెండు నిమిషాలల్ల ముగిస్తెనే పాసు మార్కు. ఉరికితే పురుగు తెగుతది, తెగితే నీ కాలు పోతది. వచ్చే ఏడు రా గుర్వయ్యా" అన్నాడు.

"వచ్చే ఏడు ఆ జాగా ఉండది సార్."

"కాలు లేని డ్రిల్లు మాస్టరును ఎవలు పెట్టుకుంటరు?"

"తెగనియ్య సార్" అన్నాడు గుర్వయ్య.

రోజుకు రెండు వేళ్లు. ఒక్కోరోజు వేలెడు కూడా రాదు. జ్వరం వచ్చింది, గజ్జల్లో బిళ్లలు కట్టాయి. ఒకరోజు విసుగెత్తి ఇంకొంచెం లాగబోయి ఆగాడు. ఈనలేక అరిచే గొర్రె దగ్గర తండ్రి ఎట్లా కూర్చునేవాడో గుర్తు చేసుకున్నాడు. తొందరపడితే తల్లీ పోతుంది పిల్లా పోతుంది అనేవాడు మైసయ్య. పరుగు రోజుకి పురుగు ముప్పావు వంతు వచ్చింది, పావు వంతు లోపలే ఉంది.

ఆ పొద్దున గుర్వయ్య పుల్లను చీలమండకు ఆనించి, దాని మీద దూది పెట్టి, ప్రథమ చికిత్స తరగతిలో నేర్చుకున్న ఎనిమిది అంకెలా చుట్టే పట్టీ కట్టుకున్నాడు. పట్టీకి గుడ్డ వెంకటనర్సుది, వాళ్ల మగ్గం మీద నేసినది. "మా నాయిన నేసింది, సడలది" అన్నాడు వెంకటనర్సు. నిరుడు ఇదే మైలు ఐదున్నర నిమిషాల్లో పరుగెత్తి కాలేజీలో మొదటివాడైన గుర్వయ్య ఆ రోజు అందరికంటే వెనక మొదలుపెట్టాడు. మడమ నేలకు గట్టిగా తగలకుండా, చీలమండ తిరగకుండా, అడుగు తర్వాత అడుగు లెక్కపెట్టుకుంటూ పోయాడు. నాలుగు చుట్లు. మూడో చుట్టు అయ్యేసరికి మిగతావాళ్లంతా ముగించి చెట్టు కింద కూర్చున్నారు. నాలుగో చుట్టులో కళ్లు తిరిగాయి. ఏసోబు సారు గడియారం పట్టుకుని గీత దగ్గర నిలబడి ఉన్నాడు, ముఖం అటు తిప్పుకుని. గీత దాటేసరికి పదకొండు నిమిషాల నలభై సెకన్లు. పట్టీ విప్పి చూసుకున్నాడు. పుల్ల ఎక్కడిదక్కడే ఉంది, పురుగు తెగలేదు.

మరునాడు పాఠం చెప్పే పరీక్ష. ముప్పై మంది బడిపిల్లలు, వెనక కుర్చీలో బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి. గుర్వయ్య నడుం నిటారుగా పెట్టి కూర్చోవడం మీద పాఠం తయారు చేసుకుని, పటం కూడా గీయించుకున్నాడు. లేచి నిలబడ్డాక ఆ పటాన్ని చుట్టి పక్కన పెట్టాడు. స్టూలు మీద కాలు పెట్టి పట్టీ విప్పాడు. పిల్లలు బిర్రబిగుసుకుని చూశారు. బావి గీశాడు, మెట్లు గీశాడు, మెట్ల మీద మనిషిని గీశాడు. రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఒకదాని మీద వెంకటనర్సు గుడ్డ పరిచి ఎట్లా వడగట్టాలో చూపించాడు. గంట కొట్టినా పిల్లలు లేవలేదు.

పరీక్షాధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బాగానే చెప్పావయ్యా. ఒక్కటి అడుగుతాను. ఇదంతా నీకు మొదటి సంవత్సరంలోనే చెప్పారు కదా. మరి నీకెలా వచ్చింది?"

ఏసోబు సారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కాలేజీకి రాకముందే వచ్చిందని చెప్పవచ్చు, ఎవరు లెక్కపెడతారు? తాను చెప్పినదాన్ని తానే పాటించని మనిషికి ఆరోగ్య విద్యలో మార్కులెట్లా వేస్తారు? రెండేళ్ల చదువు, కొత్తకోట జూన్ నెల, పన్నెండు రోజుల నొప్పి, అన్నీ ఆ ఒక్క జవాబు మీద ఉన్నాయి.

"తెల్సీ తాగిన సార్" అన్నాడు గుర్వయ్య. "మా అమ్మ ఇచ్చిన నీళ్లు నలుగురిల వడగట్ట సిగ్గయింది."

పరీక్షాధికారి చాలాసేపు రాసుకున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "పాసైతే మొట్టమొదట ఏం చేస్తావు?"

"మా నాయినను బాయి మెట్ల మీదికెళ్లి లేపుత సార్."

పురుగు ఇంకో నాలుగు రోజులకు పూర్తిగా వచ్చింది. మే నెలలో ఫలితాలు గోడకు అంటించారు. పరుగులో అందరికంటే తక్కువ, పాఠంలో అందరికంటే ఎక్కువ. పట్టా చేతికొచ్చింది. కొత్తకోటలో హెడ్మాస్టరుకు అది చూపించి, గుర్వయ్య పల్లెకు నడిచిపోయాడు. ఇంటికి పోలేదు. సంచీ భుజాన ఉండగానే బావి దగ్గరికి పోయాడు.

మైసయ్య మూడో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, కాలు నీళ్లలో ఉంది. చుట్టూ నీళ్లకొచ్చిన ఆడవాళ్లు, పై గట్టు మీద గోపయ్య.

"నాయినా, లే" అన్నాడు గుర్వయ్య.

"లేస్తే మంట రా. కాలు మీద నిప్పులు వోసినట్టుంటది."

"నాకెర్కలేదా నాయినా. లే."

తండ్రిని రెండు చంకల కింద పట్టుకుని పైకి తెచ్చాడు. బొక్కెనతో నీళ్లు తోడి ఆయన కాలు అందులో పెట్టించాడు. కాసేపాగి, ఆ నీళ్లు దూరంగా తుమ్మ మొదట్లో పారబోసి వచ్చి, ఆ బొక్కెనను బావిలో ముంచకుండా ఇంకో బిందెతో నీళ్లు తెచ్చి పోశాడు. గోపయ్య ఊరుకుంటాడా? "రెండేండ్లు పట్నంల సదివింది గిందుకేనా, నాయిన కాలు కడగనీకి?" అన్నాడు.

"ఔ మామా, గిందుకే" అన్నాడు గుర్వయ్య. ఈసారి సిగ్గు రాలేదు. సంచీలోంచి గుడ్డ తీసి తల్లి బిందె మీద పరిచాడు. పుండు నుంచి నీళ్లకు, నీళ్ల నుంచి మనిషికి ఆ పురుగు ఎట్లా వస్తుందో అక్కడున్న అందరికీ చెప్పాడు. సుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

మైసయ్య కొడుకు మాట వింటున్నాడో లేదో తెలియదు. ఆయన చూపంతా కొడుకు ఎడమ చీలమండ మీద ఉంది. అక్కడ మచ్చ ఇంకా పచ్చిగానే ఉంది.

"గది నా కాలి నుంచే వచ్చిందా బిడ్డా?"

గుర్వయ్య బొక్కెన కింద పెట్టాడు. "తెల్సీ తాగింది నేను నాయినా" అన్నాడు.

ముసలాయన ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదని సుక్కమ్మ తర్వాత చెప్పుకునేది. తెల్లారి ఆమె బిందె చంకన పెట్టుకుని బావికి పోయేసరికి మైసయ్య అప్పటికే వచ్చి పై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కాలు బొక్కెనలో ఉంది. గొర్రెలు కాసే కర్రను మెట్లకు అడ్డంగా పెట్టాడు.

"ఆగు" అన్నాడు భార్యతో. "ముందుగాల కాలు చూపియ్యి."