తెగని కంకణం

నా చిన్నప్పుడు మా అవ్వ ఒక మనిషి చేతికి కంకణం కట్టింది. ఆయన చల్లగా ఉండాలని కాదు, బతికినన్నాళ్లూ నలుగురిలో తల దించుకోవాలని. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే నా కడుపు చల్లబడుతుంది. ఈ వయసులో పగలేమిటమ్మా, వదిలెయ్యరాదా అంటారు మా పిల్లలు. వదలను. నాది మా అవ్వ పోలిక.

అప్పట్లో గోదావరిఖనిలో గని కార్మికులకు వరసలు వరసలుగా క్వార్టర్లు కడుతున్నారు. మా మేనమామ వడ్ల పని, అంటే కొయ్య పని చేసేవాడు. ఆ క్వార్టర్లకు తలుపులు, కిటికీలు చేసిచ్చే ఒక మేస్త్రి దగ్గర, బసంత్‌నగర్ పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఆయన పని. మామా, ఆయన తల్లి అయిన అవ్వా మా ఇంట్లోనే ఉండేవాళ్లు. బడి లేని రోజు మామకు సద్దిగిన్నె తీసుకుపోవడం నా వంతు. మామ ఎడమ చేతి వేళ్లు చాలా తెలివైనవి. చిత్రిక పట్టిన పలక మీద కళ్లు మూసుకుని ఆ వేళ్లు పోనిచ్చి, ఎక్కడ వెంట్రుకంత మిట్ట ఉన్నా పట్టేసేవాడు. నాకు కొయ్య బండి చేసిచ్చినప్పుడు కూడా అట్లాగే తడిమి తడిమి, ఇంకా గరుకుగా ఉందని మళ్లీ గీకాడు.

ఒక ఏడాది మేస్త్రి హైదరాబాదు నుంచి కరెంటు రంపం తెచ్చాడు. ఇస్త్రీపెట్టెలా చేత్తో పట్టుకుని పలక మీద నెట్టుకుంటూ పోవాలి. గుండ్రటి పళ్ల చక్రం గిర్రున తిరిగి, పూట పని చిటికెలో కోసేసేది. చూడటానికి జనం వచ్చి నిలబడేవాళ్లు. ఆ చక్రం కింది సగానికి స్ప్రింగుతో ఒక రేకు ఉండేది. దాన్ని గార్డు అనేవాళ్లు. "కంటి రెప్ప అనుకో బిడ్డా. కోసేటప్పుడు తెరుసుకుంటది, కోత అయిపోంగనే మూసుకుంటది" అని మామ నాకు చెప్పాడు. చక్రం తుడవాలన్నా మార్చాలన్నా ముందు ప్లగ్గు పీకి, కంటికి కనిపించేట్టు తన కాళ్ల ముందే పెట్టుకునేవాడు. పళ్లకు పట్టిన జిగురును కిరసనాయిలు గుడ్డతో తీసేవాడు. మొద్దుబారిన చక్రంతో బలవంతంగా నెడితే అది తిరిగి మన మీదికే ఎగురుతుందని కొత్తవాళ్లను కసిరేవాడు.

రంపంపొట్టు, జిగురు పేరుకుంటే ఆ గార్డు సరిగ్గా కదలదు. కడిగితే బాగవుతుంది. కడగడానికి మేస్త్రికి తీరిక ఏది? గార్డును పైకెత్తి తీగతో కట్టేశాడు. గనిలో బొగ్గు పేల్చడానికి వాడే సన్నటి ఎర్ర తీగ అది. ఆ తీగ లేని కొంప మా దగ్గర లేదు. బకెట్టు చెవి ఊడినా తీగే, మంచం కోడు ఊగినా తీగే, సైకిలు మడ్‌గార్డు మోగినా తీగే. నేను గాజులు అల్లుకునేదాన్ని. ఏది వదులైనా తీగ చుడితే సరిపోయిందనుకోవడం మా అందరికీ అలవాటు. ఆ అలవాటునే మేస్త్రి ఆ రంపం మీద చూపించాడు.

మామ ఊరుకోలేదు. "మేస్త్రీ, ఒక్క పూట ఇయ్యి, కడిగి సాపు చేస్త" అన్నాడు.

"పూట పోతె తలుపులు మీ అయ్య ఇస్తడా? భయమైతె గాజులు తొడుక్కోని ఇంట్ల కూసో" అన్నాడు మేస్త్రి. మామ విప్పడం, ఆయన మళ్లీ కట్టడం కొన్నాళ్లు నడిచింది. చివరికి, చేస్తే చెయ్యి లేకుంటే పో అన్నాడు. మామ చేశాడు.

నేను సద్దిగిన్నె పట్టుకుని షెడ్డులోకి అడుగుపెట్టిన పూటే అది జరిగింది. మామ కోత ముగించి, రంపాన్ని బల్ల మీద దించాడు. స్విచ్చి వదిలినా చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. గార్డు ఉంటే మూసుకునేది. తెరిచి ఉన్న పళ్లు బల్లను కరిచాయి, రంపం తనంతట తానే పరుగెత్తింది, పలక మీద ఆనించిన మామ ఎడమ చేతి మీదికి. నా చేతిలో గిన్నె ఎప్పుడు పడిపోయిందో నాకు తెలియదు. రెండు వేళ్లు పోయాయి.

అందరూ మామను లారీ ఎక్కించే హడావుడిలో ఉన్నారు. మేస్త్రి మాత్రం వంగి, గార్డుకున్న తీగను కటింగ్ ప్లేయర్‌తో తెంపి పొట్టులోకి విసిరాడు. నేను చూశాను. ఆయన పోయాక ఆ ముక్క ఏరుకుని పరికిణీ అంచులో ముడివేసుకున్నాను.

దవాఖానలో మేస్త్రి ఏమన్నాడో తెలుసా? "పొద్దుగాల్నే తాగొచ్చిండు. మిషన్‌కు ఏం కాలే. తాగి మిషన్ మీద పడ్డడు." మామ కల్లు ముట్టని మనిషి! అయినా ఆ మాట ఊరంతా పాకింది. తాగుబోతు చేతికి ఎవరు పని ఇస్తారు? ఎక్కడికి పోయినా కట్టుకట్టిన చేతిని చూసి తల అడ్డంగా ఊపారు. షెడ్డులో వాళ్లందరికీ నిజం తెలుసు. వాళ్ల పొయ్యి మేస్త్రి చేతిలో ఉంది, నోరు మెదపలేదు. వేళ్లకంటే ఆ మాటకే మామ ఎక్కువ కుంగిపోయాడు. గడప దాటడం మానేశాడు.

నేను తీగ ముక్క తెచ్చి అవ్వకు చూపించాను. అవ్వ తిట్టడం మొదలుపెడితే వాడ మొత్తం తలుపులేసుకునేది. ఆ రోజు ఒక్క తిట్టూ రాలేదు. ఆ తిట్లన్నీ నేనే తిట్టాను. వాని చేతులు విరగ, వాడు మన్నైపోను అని, మేస్త్రి లారీ కింద పడ్డట్టు, ఒళ్లంతా కురుపులు లేచినట్టు ఊహించుకుంటేనే నాకు అన్నం సయించేది. తర్వాత మేస్త్రి గార్డుకు కొత్త తీగ కట్టి ఇంకొకరి చేతికి ఆ రంపం ఇచ్చాడని తెలిసింది. అవ్వ చెరుగుతున్న బియ్యం చేట పక్కన పెట్టింది. "గిప్పుడు దొరికిండు" అంది.

దసరా వచ్చింది. ఆ షెడ్డులో ఆ రోజు పనిముట్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు వేసి పూజ చేసేవాళ్లు. పూజయ్యాక మొదటి కోత మేస్త్రే కొయ్యాలి. వడ్లవాళ్ల ఇళ్లలో పెద్ద మనిషి ఆయన చేతికి కంకణం కట్టాలి. ఆ కంకణం తనంతట తానే చీకి రాలాలి. చేత్తో విప్పితే కీడని అందరి నమ్మకం. పెద్దరికం ఆ ఏడు మా అవ్వది.

అవ్వ పళ్లెం పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పోయింది. మామను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. కొడుకు పని కోసం బతిమాలడానికి వచ్చిందనుకున్నాడేమో, మేస్త్రి నవ్వి, "రా అవ్వా" అన్నాడు. అవ్వ రంపానికి పసుపు రాసింది. పిడికి బొట్టు, చక్రానికి బొట్టు. ఆఖరున ఆ ఎర్ర తీగకు బొట్టు పెట్టింది.

"నా కొడుకు తాగొచ్చి పడ్డడంటివి గద. మంచిది. నువ్వైతె తాగలె. మొదటి కోత నీదే, కొయ్యి. ఎడమ చెయ్యి పలక మీద పెట్టు, నా కొడుకు పెట్టినట్టె."

మేస్త్రి మీసం తిప్పి రంపం ఎత్తాడు, స్విచ్చి నొక్కాడు. షెడ్డు మారుమోగింది. అందరి చూపూ ఆయన ఎడమ చేతి మీదే. ఆ చెయ్యి మెల్లగా వెనక్కి జరుగుతోంది. స్విచ్చి వదిలాడు. చక్రం ఆగలేదు. నోరు తెరుచుకుని తిరుగుతున్న ఆ రంపాన్ని ఎక్కడ దించాలో తెలియక, గాలిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆహా, ఆ ముఖం! అది చూడటానికే నేను పుట్టాననిపించింది.

చక్రం ఆగాక, "ఏయ్, కటింగ్ ప్లేయర్ తేండ్రి, ఈ తీగ తియ్యాలె" అన్నాడు.

"ఎందుకు తియ్యాలె? మిషన్‌కు ఏం కాలేదంటివి గద?"

"చెయ్యి పోతదవ్వా!"

ఆ మాట ఆయన నోటితోనే వచ్చింది. షెడ్డంతా విన్నది. మూలన ఉన్న ముసలి వడ్లాయన లేచి నిలబడ్డాడు. "ఆనాడు గూడ కట్టే ఉండె. మేమందరం చూసినం" అన్నాడు. ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు లేచారు. మామ తల ఎత్తాడు.

అవ్వ మేస్త్రి చేతనే ఆ తీగ తీయించింది. కుంకుమ అంటిన ఆ తీగనే, పసుపు దారానికి బదులు, ఆయన కుడి మణికట్టుకు చుట్టి మెలిపెట్టింది. "పూజల పెట్టిన తీగ. దసరా కంకణం. తనంతట తాను తెగి రాలాలె. విప్పుతవా, నీ ఇష్టం. అమ్మవారు చూసుకుంటది" అంది. చెయ్యి వెనక్కి లాక్కోవడానికి మేస్త్రికి ధైర్యం చాలలేదు. దారమైతే నెలలో చీకిపోతుంది. తీగ చీకుతుందా?

రామగుండం ఎండల్లో ఆయన నిండు చేతుల చొక్కాలు తొడిగాడు. అయినా కంకణం బయటికి వచ్చేది, చూసినవాళ్లు అడిగేవాళ్లు, పక్కవాళ్లు కథంతా చెప్పేవాళ్లు. ఆ షెడ్డులో మళ్లీ ఎవరూ గార్డును తీగతో కట్టలేదు. మామను రమ్మని కబురొస్తే పోలేదు. మా వాకిట్లోనే రంపాలకు పదును పెట్టడం మొదలుపెట్టాడు. కమాన్‌పూర్ నుంచి కూడా వడ్లవాళ్లు చక్రాలు తెచ్చి ఇచ్చేవాళ్లు. ఒకసారి మామే, ఇగ ఇడిసిపెట్టే అమ్మా, పాపం అన్నాడు. "నీ వేళ్లు మొలిసిన్నాడు ఇడుస్త" అంది అవ్వ.

చాలా ఏళ్ల తర్వాత బస్టాండులో ఆ మేస్త్రిని చూశాను. ముసలివాడయ్యాడు. తీగ మీది ఎర్ర తొడుగు పోయి, రాగి చిలుము మణికట్టుకు పచ్చగా పట్టింది. జాలి పడ్డానా? లేదు. బస్సు కదిలేదాకా కిటికీలోంచి కరువుదీరా చూశాను.

మొన్న మా ఎదురింట్లో తలుపుల పని జరుగుతోంది. పనివాడి రంపం గార్డు కదలకుండా చెక్క ముక్క దూర్చి ఉంది. పోయి ప్లగ్గు పీకి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వాళ్ల మేస్త్రి మోటారు సైకిలు మీద వచ్చి, ఏంది పెద్దమ్మా ఇది అన్నాడు.

"ముందు నువ్వు కొయ్యి. ఎడమ చెయ్యి పలక మీద పెట్టు. నేను చూస్త" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, రంపాన్ని చూశాడు, వంగి ఆ చెక్క ముక్కను పీకి పారేశాడు. ప్లగ్గు ఇచ్చేసి ఇంటికొచ్చాను. పొట్టులో ఏరుకున్న ఆనాటి తీగ ముక్కను కొంగున కట్టుకునే పోయాను. దాన్ని విప్పే అవసరం రాలేదు.