మూడు దెబ్బలకు బదులు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. పదో తరగతి తప్పి గోదావరిఖనిలో బొగ్గు బావిలో చేరాను. సర్వేవాళ్ల కొలత గొలుసు పట్టుకుంటూ లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. కొలవనిది ఒప్పుకోను. ఇక్కడ కూడా కొలిచిందే రాస్తున్నాను.

మా కాకకు ఎనభై రెండేళ్లు. ఆయనకు ఇరవై ఏళ్లప్పుడు, బావిలో కొత్తగా చేరిన రోజుల్లో, మబ్బు కమ్మిన ఒక పొద్దున ఓ చిన్న విమానం మా ఊరి గుట్టను గుద్దుకుంది. ముందుగా పైకి చేరిన నలుగురిలో ఆయనొకడు. కొమ్మలకు పేగులు వేలాడాయని, కాలిన మాంసం వాసనకు మూడు రోజులు అన్నం ముట్టలేదని చెప్పేవాడు.

మిగతాది పోయిన వానాకాలం చెప్పాడు.

"లోపట్నుంచి ఎవరో కొట్టిండు బిడ్డా. మూడు దెబ్బలు, ఆగి మళ్ల మూడు. ఇనుము కాలి చప్పుడైతందని నేనే అన్న. బదులు కొడితే ఆ మంటల లోపటికి పోవాలె గద."

బావిలో కప్పు కూలి చిక్కుకున్నవాడు పైపు మీద కొడతాడు. విన్నవాడు బదులు కొట్టి తీరాలి. వస్తున్నామని దానర్థం. కాక కొట్టలేదు. మంట ఆరాక చూస్తే, తలుపు వెనక ఒకతను. వేళ్ల కణుపులు ఎముక తేలేదాకా పగిలి ఉన్నాయి.

"సచ్చేలోపట బదులు కొట్టాలె," అన్నాడు. గుండె బాగాలేదు, గుట్టలెక్కొద్దని డాక్టరు అంతకుముందే చెప్పాడు. అయినా వినలేదు.

మర్నాడు పొద్దున్నే ఎక్కాం. నా లెక్కన పదకొండు వందల నలభై అడుగులు. పదకొండుసార్లు ఆగాం.

"దిగేటప్పుడు గూడ లెక్కపెట్టు. నన్ను మోసుకుంట," అని కాక నవ్వాడు.

విమానం రేకులు ఎప్పుడో ఊళ్లోని కొట్టాలకు పోయాయి. ఇంజను ఒక్కటే రాళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. దగ్గరికి వెళ్లగానే అందులోంచి చప్పుడు. మూడు. ఆగి మూడు.

గడియారం చూశాను. మధ్యలో ఆరు సెకన్లు. నాలుగుసార్లూ ఆరే. ఎండకు ఇనుము సాగిందనుకుందామంటే తుంపర పడుతోంది. చెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. దెబ్బ నా అరచేతికి తగిలింది.

కాక రాయి తీసుకుని మూడు కొట్టాడు. "వస్తున్న అయ్యా, వస్తున్న."

చప్పుడు పిచ్చిపట్టినట్టు పెరిగింది. తుప్పు పెచ్చులు ఎగిరిపడ్డాయి. కాక ఇంజను కింది రాళ్లను ఉత్త చేతులతో పెకలించసాగాడు. రెండు గోళ్లు ఊడి నెత్తురు కారుతోంది. పెదవులు నల్లబడ్డాయి. నడుం పట్టి గుంజితే మోచేత్తో నా మూతి పగలగొట్టాడు. ఇక్కడే పోతాడనుకున్నాను.

అప్పుడు ఒకే ఒక్క దెబ్బ పడింది.

కాక చేతులు ఆగిపోయాయి. చాలాసేపు విన్నాడు. మరో చప్పుడు లేదు.

"ఇగ సాలంటుండు. పా బిడ్డా," అని తనే లేచాడు.

బావిలో బొగ్గు తొట్లను తాడుతో లాగేచోట గంట సైగలుంటాయి. ఒక్క దెబ్బంటే 'ఆపు'. చేరిన మొదటిరోజే నేర్పుతారు.

కాక ఇప్పుడు బాగానే ఉన్నాడు. చప్పుడుకు ఏదో కారణం ఉండే ఉంటుందని నాకు నేను చెప్పుకుంటాను. కానీ ఆకాశంలోంచి వచ్చి పడ్డ మనిషికి మా బావి సైగ ఎవరు నేర్పారు? ఈ ఒక్క లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు.