గాలి లేచేలోపు సంగటి

మనవరాలు గ్యాస్ పొయ్యి ముట్టిస్తే ఇప్పటికీ నా చూపు ముందు పైకప్పుకే పోతాది. మన ఈడోళ్లకు గుర్తుందా? తెల్లోళ్ల కాలంలో మార్కాపురం పక్క పల్లెల్లో, ఎండాకాలం గాలి లేచేలోపు పొయ్యిలు ఆర్పమని దండోరా వేసేవాళ్లు.

మాది బోదగడ్డి కప్పిన కొట్టం. ఒక మూలనే వంట. తిరగలిలో జొన్నలు విసిరేటప్పుడు రవ్వంత పొట్టు కింద రాలినా అమ్మ తిట్టేది, "నిప్పు అంటుకుంటాది పాపా, ఎత్తు!" అని.

ఒకనాడు సంగటికి ఎసరు మరుగుతుండగానే గాలి లేచింది. నిప్పురవ్వ ఎగిరి కప్పులో పడింది. పొగ లేచింది. కడవలో చుక్క నీళ్లు లేవు. అమ్మ కుండెత్తి, మరిగే ఎసరే కప్పు మీదికి చల్లింది.

నిప్పు ఆరింది. నేలంతా బురద, అందులో సంగటికని విసిరి పెట్టుకున్న మా జొన్నపిండి. రవ్వంత పొట్టుకే తిట్టేది, ఇంక నన్ను ఎంత తిడతాదో అని వణికిపోయినా. అమ్మ తిట్టలా. బొబ్బలెక్కిన చేతులతో నన్ను దగ్గరికి లాక్కుంది.

నాకంటే ఎక్కువగా ఆమే వణుకుతా ఉంది.