మిషనక్క లోపల వదిలిన బట్ట

మా ఎల్లారెడ్డి ఊరి మిషనక్క పోయి రెండు నెలలైంది. పొద్దున చాయ్ తాగి, కుట్టుమిషన్ ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కిస్తూనే పక్కకు ఒరిగిపోయిందట. గుండెపోటు. ఆ మాట మళ్లీ రాస్తాను, మీరూ మళ్లీ చదవండి: గుండెపోటు. రొమ్ము క్యాన్సర్ కాదు. దాన్ని ఆమె ఎన్నడో, కూతురి పెళ్లి కూడా కాకముందే ఓడించింది.

మిషనక్క ఆడవాళ్ల జాకెట్లు కుట్టేది. మా గల్లీలో ఆమెకు కొలతలివ్వని ఆడమనిషి లేదు. దుకాణమంటే ఎంత? ఒక మిషన్, ఇస్త్రీ బల్ల, మూలకు పాత చీరతో కట్టిన పరదా. ఆ పరదా వెనక టేపు ఒంటి చుట్టూ తిప్పుతూ, మేం కట్టుకున్నవాళ్లతో కూడా మాట్లాడని సంగతి మాట్లాడేది.

“స్నానం జేసేటప్పుడు తడిమి చూస్కుంటున్నవా లేదా?”

సిగ్గుతో మెలికలు తిరిగితే ఊరుకునేది కాదు. “మోకాలు గుంజితే ఊరంత చెప్తవు, గిదేమో దాస్తవా?” అని కసిరేది. నెలసరి అయిపోయాక, వేళ్లు ఆనించి గుండ్రంగా, చంక దాకా ఎలా చూసుకోవాలో తన మీదే చూపించేది. ఆమెకు ఒకవైపు రొమ్ము తీసేశారు. ఆ వైపు జాకెట్ లోపల తనే ఒక మెత్త కుట్టుకుంది. “చూడుండ్రి, ఏది నాది, ఏది దూది?” అని నవ్వించేది. ఆ నవ్వులో మా భయం సగం పోయేది.

“గడ్డ నొప్పిలేస్తలేదని ఊకోకు బిడ్డా. నాకు గూడ నొప్పి లేకుండె. చర్మం లోపలికి గుంజుకపోయినా, చనుమొనల నుంచి నీరో రక్తమో కారినా, చంకల గడ్డ తగిలినా దవాఖానకు పో. చేతికి ఏం తగలకపోయినా నలభై దాటినంక డాక్టరుకు చూపించుకుంట ఉండాలె. గడ్డలన్ని అదే గాదు. కానీ గాదని చెప్పాల్సింది డాక్టరు, నువ్వు గాదు.”

ఆమె జాకెట్ పక్క కుట్టు లోపల బట్ట దండిగా వదిలేది. ఇంత బట్ట దండగ ఎందుకని నేను నసిగితే, “ఏండ్లకేండ్లు తొడగాలె గదా! మనిషి మారుతది, జాకిట్ల జాగ ఉండాలె” అనేది.

మా తోడికోడలు, అంటే నా మరిది భార్య, ఆ పరదా వెనకే ఏడ్చింది. కొత్త జాకెట్‌కు కొలతలిస్తూ, ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ తగులుతోందని, నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదని బయటపెట్టింది. మిషనక్క టేపు మెడలో వేసుకుని నన్ను లోపలికి పిలిచింది.

“సోమవారం దీన్ని కామారెడ్డి దవాఖానకు తోల్కపోదాం. నేను గూడ వస్త.” తర్వాత దాని గడ్డం పట్టుకుని, “భయమైతే నా మొకం చూడు. నేను పోయిరాలేదా?” అంది.

ఆ సోమవారం రాకముందే ఆమె పోయింది.

శవం ఇంట్లో ఉండగానే గుసగుసలు మొదలయ్యాయి. “అదే మల్ల తిరగబెట్టిందట. కోయించుకున్నా ఇడువలేదు చూడు.” నాకు ఒళ్లు మండింది. పక్కకు తిరిగితే మా తోడికోడలి ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“అక్కా, నేను కామారెడ్డికి రాను. ఆమెకే గట్లయితే నేనెంత? ఏమైతే గది అయితది, ఇంట్లనే ఉంట.”

దాని చెయ్యి పట్టుకుని మిషనక్క కూతురి దగ్గరికి ఈడ్చుకెళ్లాను. తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తున్న పిల్లను అడగొచ్చా లేదా అని ఆలోచించలేదు. “మీ అమ్మ దేంతోని పోయింది బిడ్డా? అందరికి ఇనవడేటట్టు చెప్పు.”

ఆ పిల్ల కొంగుతో ముఖం తుడుచుకుని లేచి నిలబడింది. “గుండె ఆగింది. గంతే! మొన్ననే చెకప్ జేయించుకొచ్చినం, ఆ రోగం జాడ గూడ లేదన్నరు. మా అమ్మ దాన్ని గెలిచింది. ఇంకో మాటన్నోళ్లు నా ముంగటికి రాండ్రి!”

గుసగుసలు ఠక్కున ఆగాయి. నిజం చెప్తున్నాను, ఆ ఏడుపుల మధ్య నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

ఆ మాట విన్నాక మా తోడికోడలే “పోదాం అక్కా” అంది. సోమవారం మేమిద్దరమే కామారెడ్డి బస్సెక్కాం. రొమ్ముకు ఎక్స్‌రే ఫోటోలు తీశారు, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. అదేనని తేలింది. “కానీ మంచి టైంలో వచ్చిండ్రు” అంది డాక్టరమ్మ. హైదరాబాదులో ఆపరేషన్ అయింది. గడ్డ వరకే తీశారు, చంకలోని గ్రంథుల్లోకి పాకలేదన్నారు. రేడియేషన్ ఇంకా ఉంది, మందులున్నాయి. మా తోడికోడలు మాత్రం అప్పుడే పిల్లల మీద అరవడం మొదలుపెట్టింది. ఆ అరుపు వింటుంటే మా ఇల్లు మా ఇల్లులా ఉంది.

ఆపరేషన్ చేసిన వైపు చంక కింద వాపు తగ్గక, పాత జాకెట్లేవీ పట్టలేదు. అదే వారం మిషనక్క కూతురు ఆ కొత్త జాకెట్ తెచ్చిచ్చింది. తల్లి కుట్టి ఉంచిన దానికి హుక్కులు మాత్రం తను వేసిందట. అదీ బిగుతే. విప్పుదామని తిరగేశాను. కుడివైపు ఎప్పటిలాగే రెండు వేళ్ల బట్ట ఉంది. ఎడమవైపు నాలుగు వేళ్లు వదిలింది.

మిషనక్క ఏనాడూ రెండు పక్కలా తేడాగా వదిలింది లేదు. మా తోడికోడలు కామారెడ్డికి పోతుందని, బతికి వచ్చి ఈ జాకెట్ తొడుగుతుందని ఆమె ముందే ఖాయం చేసుకుంది.

బ్లేడుతో ఎడమ కుట్టు తెంపి, కొత్త కుట్టు వేసిచ్చాను. మా తోడికోడలు మెల్లగా చెయ్యి దూర్చి, హుక్కులు పెట్టుకుని, అద్దం ముందు నిలబడింది. సరిగ్గా పట్టింది. పాత కుట్టు తాలూకు సూది చిల్లులు కొత్త కుట్టు పక్కన ఇంకా వరుసగా కనిపిస్తున్నాయి.