టీ ఫైలుకి తాళం

మా యాకోబన్నకి తాళం వెయ్యడమంటే ఇష్టం. కొందరికి పాటలిష్టం, కొందరికి పేకాట ఇష్టం, ఆయనకి తాళం. సైకిలుకి రెండు తాళాలు, గొడుక్కి గొలుసు, టిఫిన్ క్యారేజీకి బుల్లి తాళంకప్ప. "పెళ్ళి ఉంగరం కూడా నా వేలికి ఒక సైజు చిన్నది కొన్నాడమ్మా, ఊడిపోకుండా," అని ఆయన భార్య శోభారాణి గారు ఒకసారి వేలు చూపించి మరీ చెప్పారు. అలాంటి మనిషికి ఎవరైనా కంప్యూటర్లు అప్పజెబుతారా? మేం అప్పజెప్పాం.

అది రెండువేల ఆరు. తెనాలిలో కాలవ పక్కన ఒక మేడ మీద, మొగుళ్ళ దెబ్బలు పడలేక ఇల్లు వదిలొచ్చిన ఆడవాళ్ళ కోసం ఒక సహాయ కేంద్రం ఉండేది. నడిపేది హమీదా మేడం. అర్జీలూ రిపోర్టులూ రాసేది నేను. బాపట్లలో స్కూలు గుమాస్తాగా చేసి రిటైరైన యాకోబన్న రోజూ పాసింజరు బండిలో వచ్చి కంప్యూటర్లు చూసుకునేవాడు. ఎవరో దయతలచి ఇచ్చిన పాత కంప్యూటర్లు మూడు. వాటిని నీలం వైర్లతో కలిపి, మధ్యలో పచ్చ లైట్లు మిణుకుమనే డబ్బా ఒకటి పెట్టి, ఒకదాన్లోని ఫైలు మిగతా రెండింట్లోనూ కనపడేట్టు చేశాడు. అందరం వాడుకునే ఫోల్డరుకి 'అందరిదీ' అని పేరు పెట్టాడు. ఆ సాయంత్రమే అందులో ఉన్న ప్రతి ఫైలుకీ తాళం వేశాడు.

తాళమంటే పాస్‌వర్డ్. అది కొట్టకుండా తెరిస్తే కోడి కెలికినట్టు పిచ్చి గీతలు కనపడతాయి తప్ప అక్షరం కనపడదు.

"ఫైలు వైర్లో పోయేటప్పుడు కూడా తాళంతోనే పోవాలి చెల్లెమ్మా," అన్నాడు.

"ఈ గదిలోంచి ఆ గదిలోకేగా అన్నా పోయేది! మధ్యలో ఉన్నది మంచినీళ్ళ కుండ."

"కుండ పక్కన కిటికీ ఉంది."

కొన్ని ఫైళ్ళకి తాళం అవసరమే, కాదనను. పెళ్ళాం ఎక్కడుందో తెలుసుకోవడం మొగుడి హక్కు, ఆమె తినే దెబ్బలు మాత్రం వాళ్ళింటి గొడవ అనుకునే మనుషుల మధ్య బతుకుతున్నాం. నగరం మండలం నుంచి కొండమ్మ వచ్చింది. కౌలు పొలంలో మొగుడితో సమానంగా నాట్లేసి, కోతలు కోసి, ఇంటికొచ్చి అతని చేత తన్నులు తిన్న మనిషి. చంకలో పాప, మోచేతికి కట్టు. వేరే ఊళ్ళో ఒక హాస్టల్లో వంట పని చూసి పంపించాం. వెళుతూ వెళుతూ ఆమె మమ్మల్నెవర్నీ అడగలేదు, గుమ్మం దగ్గర గొడుగు గొలుసు విప్పుకుంటున్న యాకోబన్నని అడిగింది: "నేనెక్కడున్నానో ఆయనకి తెలియదు గదా బాబూ? తెలిస్తే ఈసారి చంపుతాడు." "తెలియదమ్మా," అన్నాడాయన.

సరే, కొండమ్మ ఫైలుకి తాళం వెయ్యి. టీ ఫైలుకెందుకు? హమీదా మేడానికి చక్కెర తక్కువ, నాకు అల్లం ఎక్కువ అని రాసుకున్న ఫైలది. దానికీ తాళమే. కుళాయి కారుతోందన్న కంప్లయింటుకి తాళం. ఆయన తలనొప్పి మాత్రల పేర్లకి తాళం. పైగా ఏ ఫైలు చూసినా పేరు ఒకటే, 'అతి ముఖ్యం'. పక్కన ఒక అంకె. కుళాయి కూడా అతి ముఖ్యమే.

పాస్‌వర్డ్ ఎక్కడా రాయడు, గదిలో చెప్పడు. ప్రతి సోమవారం మమ్మల్ని ఒక్కొక్కర్నీ కాలవ బ్రిడ్జి మీదకి తీసుకెళ్ళి, లారీ ఏదైనా వచ్చేదాకా ఆగి, ఆ మోతలో చెవి దగ్గర చెప్పేవాడు. అదీ చేప పేరు. ఒక వారం చందువా, ఒక వారం వంజరం. ఏ వారం వేసిన తాళానికి ఆ వారం చేపే. పాత ఫైలు తెరవాలంటే ఆ రోజుల్లో ఎండా వానా, ఆయన అప్పుడు ఏ చేప అన్నాడో గుర్తుచేసుకుంటూ చచ్చేవాళ్ళం.

హమీదా మేడం ఊరుకునే మనిషి కాదు. "యాకోబు గారూ, మీరు ఆదివారం తిన్న చేపే సోమవారం పాస్‌వర్డ్ అవుతోంది. బాపట్ల బజార్లో మిమ్మల్ని చూసినవాడెవడైనా చెప్పేస్తాడు."

ఆయన చాలా నొచ్చుకున్నాడు. "తిన్నది కాదండి మేడం. తినాలనుకున్నది. శోభారాణి వండలేదు. అది నాకూ ప్రభువుకీ తప్ప ఎవరికీ తెలియదు."

ఈస్టరు ముందు శ్రమదినాల్లో ఆయన చేప ముట్టడు. ఆ నలభై రోజులూ పాస్‌వర్డ్‌లు బీరకాయ, పొట్లకాయ, తోటకూర. "మనసులో కూడా అనుకోకూడదు చెల్లెమ్మా," అన్నాడు భక్తిగా. ఆయన ఉపవాసం మా కంప్యూటర్లు కూడా చేశాయి.

మార్చి ఎనిమిదిన మహిళా దినోత్సవం మీటింగు. హమీదా మేడం ఉపన్యాసం ఫైల్లో ఉంది, ఆ వారం కూరగాయ ఆమె మర్చిపోయింది, నేను ఊళ్ళో లేను. బాపట్ల ఫోన్ చేస్తే యాకోబన్నకి జ్వరం.

"కూర పేరు చెప్పండి చాలు!"

"ఫోన్లో చెప్పనండి."

"అవతల జనం వచ్చి కూర్చున్నారండీ!"

"వస్తున్నానండి."

నిజంగానే వచ్చాడు. ఎండలో మంకీ క్యాపు, భుజాల చుట్టూ దుప్పటి. మేడాన్ని బ్రిడ్జి మీదకి రమ్మన్నాడు, లారీ కోసం ఆగాడు, "దొండకాయ" అన్నాడు, తర్వాతి బండికి వెళ్ళిపోయాడు. స్త్రీల హక్కుల మీద ఆ రోజు మాట్లాడినంత కోపంగా ఆమె మరెప్పుడూ మాట్లాడలేదు. జనం తెగ చప్పట్లు కొట్టారు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, హమీదా మేడం కోర్టు పని మీద గుంటూరు వెళ్ళినప్పుడు, మెట్ల మీద చాలా చెప్పుల చప్పుడైంది. ముందు కొండమ్మ మొగుడు, వెనక వాళ్ళ ఊరి పెద్దమనిషి దశరథరామయ్య, ఆయన వెనక మేనల్లుడు ప్రతాప్. ప్రతాప్ రేపల్లెలో కంప్యూటర్ కోర్సు చేశాడట, అందుకని తెచ్చుకున్నారు.

"ఏమ్మా, మా ఊరి ఆడదాన్ని ఎక్కడ దాచారు?" అన్నాడు దశరథరామయ్య, కూర్చోమనకుండానే కూర్చుని.

"దాచడానికి ఆమె బియ్యం బస్తా కాదండి. తన ఇష్టంతో వెళ్ళింది. ఎక్కడికో మేం చెప్పం."

"నువ్వు చెప్పనక్కర్లేదు. ఆ పెట్టె చెబుతుంది. ఒరే ప్రతాపూ!"

నేను అడ్డం నిలబడ్డాను. మొగుడు చొక్కా చేతులు మడుస్తున్నాడు. అప్పుడు యాకోబన్న లేచి, కుర్చీ దుమ్ము దులిపి, "రా బాబూ, కూర్చో. ఏది కావాలంటే అది తీసి చూపిస్తాను," అన్నాడు.

ఆయన మోచెయ్యి పట్టుకుని లాగాను. "అన్నా!"

"పెద్దవాళ్ళు పనిగట్టుకుని వచ్చారు చెల్లెమ్మా," అన్నాడు నా మొహం చూడకుండా.

ప్రతాప్ 'అందరిదీ' తెరిచాడు. కళ్ళు మెరిశాయి. "మావయ్యా, అన్నిటికీ తాళాలే! అన్నీ అతి ముఖ్యమే! పెద్ద వ్యవహారమే నడుస్తోంది ఇక్కడ."

"ఏదో ఒకటి తియ్యమను."

"అందరూ గోడవైపు తిరగాలండి," అన్నాడు యాకోబన్న. "పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చూడకూడదు. రూలు."

మండలమంతా చూసి వణికే దశరథరామయ్య గోడవైపు తిరిగి మా క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. యాకోబన్న కళ్ళజోడు తుడుచుకుని, కళ్ళు మూసుకుని, అది ఏ చేప వారమో గుర్తుచేసుకుని, ఒక్క వేలితో టకీ... టకీ... మని కొట్టాడు.

"ఇప్పుడు తిరగండి."

ప్రతాప్ గొంతు సవరించుకుని చదివాడు. "హమీదా మేడానికి చక్కెర తక్కువ."

"ఏంట్రా?"

"టీ అంట మావయ్యా."

రెండోది కుళాయి. మూడోది విరిగిన కుర్చీ కాలు. నాలుగోది తెరవడానికి చాలాసేపు పట్టింది, ఆ వారం మనసులో రెండు చేపలున్నాయట. చివరికి చెమటకాయలకి శోభారాణి గారి చిట్కా బయటపడింది. దశరథరామయ్య మొగుణ్ణి తిట్టడం ఆపి, "గంధంలో ఏం కలపమంది?" అని అడిగాడు. యాకోబన్న నిదానంగా రెండుసార్లు చెప్పాడు.

"పెట్టె ఎత్తుకుపోదాం," అన్నాడు మొగుడు ఉక్రోషంగా.

"తీసుకెళ్ళండి, కానీ నేను లేకుండా తెరుచుకోదండి. నన్నూ తీసుకెళ్ళాలి. పొద్దున పాలు, మధ్యాహ్నం పథ్యం, రాత్రి రెండు చపాతీలు. ఇవన్నీ తెరవడానికి ఎన్నాళ్ళు పడుతుందో నాకూ తెలియదు. మీ ఇంట్లో చేపలు వండుతారా?"

దశరథరామయ్య ఆయన్ని పైనించి కిందకి చూశాడు, టిఫిన్ క్యారేజీకున్న తాళం చూశాడు, మేనల్లుడి నెత్తిన ఒక్కటిచ్చాడు. "రహస్యాలట, రహస్యాలు! ఈయనకి పిచ్చి రా. పదండి, రేపల్లె బండి వెళ్ళిపోతుంది."

చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయాక నేను కుర్చీలో కూలబడ్డాను. "అన్నా, కొండమ్మ ఫైలు?"

"టీ తర్వాత ఆ పిల్లాడి వేలు దాని మీదే ఆగింది. 'ఇదా, పక్కదా?' అన్నాడు. పక్కదే తీశాడు." అప్పుడు చూశాను, ఆయన చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

"దాన్నే తియ్యమంటే?"

"మర్చిపోయాననేవాణ్ణి. ఇన్ని చేపల్లో ఒకటి మర్చిపోతే ఎవరు అనుమానిస్తారు?" మంచినీళ్ళు తాగి గ్లాసు బోర్లించాడు. "ఒక్క కొండమ్మ ఫైలుకే తాళం వేస్తే, ఇదిగో ఇక్కడుందని మనమే వేలు పెట్టి చూపించినట్టు. అన్నిటికీ వేస్తే నన్ను పిచ్చోడంటారు. అననీ. తెలియదని ఆ పిల్లకి మాటిచ్చాను కదా."

ఏడాదిగా మేం వేసిన జోకులన్నీ ఆయన విన్నాడు. ఒక్కసారైనా కారణం చెప్పలేదు. చెబితే మేం నవ్వడం మానేస్తామని, నవ్వు ఆగితే బయటివాళ్ళకి అనుమానం వస్తుందని.

"మరి క్యారేజీకి తాళమెందుకన్నా?"

"అది వేరే విషయం. అందులో చేప ఉంది."

మర్నాడు కుళాయి బాగుచేయించి, ఆ సంగతి ఫైల్లో ఎక్కించాను. మూసే ముందు నాకు తోచిన పాస్‌వర్డ్ కొట్టి తాళం వేశాను. కాసేపటికి పక్క గదిలోంచి యాకోబన్న కంగారుగా వచ్చాడు.

"చెల్లెమ్మా, కుళాయి ఫైలు తెరుచుకోవడం లేదేంటి? ఏం పెట్టావ్?"

"ఇక్కడ చెప్పనన్నా. బ్రిడ్జి మీదకి పద."